తీపి ఎవరి పోలిక

మిర్యాలగూడ
ఆగస్టు 9

వదినకు వనిత నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగున్నామనే రాయబోయాను. కానీ బాగుంటే ఫోన్ చేసేదాన్ని కదా. నా ఫోన్ ఇప్పుడు మీ తమ్ముడి జేబులో ఉంటోంది. అవసరమైతే అడిగి తీసుకుని, ఆయన ముందే మాట్లాడి, మళ్లీ ఇచ్చేయాలి. ఈ సంగతి ఆయన ముందు నీతో మాట్లాడలేను. అందుకే అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా అంగన్‌వాడీకే రాయి. పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇస్తాడు.

పోయిన నెల ఆయన పనిచేసే రైస్ మిల్లులో షుగర్ క్యాంపు పెట్టారు. హమాలీలకు, డ్రైవర్లకు, గుమస్తాలకు రక్తపరీక్షలు చేశారట. మీ తమ్ముడు మాత్రం చేయించుకోలేదు. "నేను తీపే ముట్టను, నాకెందుకు" అని లారీల దగ్గరికి వెళ్లిపోయాడట. పరీక్షలయ్యాక ఎవరో మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడారట. అంతసేపటిలో మీ తమ్ముడి చెవిన పడిన మాట ఒక్కటే. తీపి మీద ఇష్టం కూడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి స్వప్న చపాతీలో చక్కెర చుట్టుకుని తింటోంది. దాని సంగతి నీకు తెలుసు కదా. పెరుగన్నంలో కూడా చక్కెర కావాలి. పాలలో ఎంత వేసినా ఇంకొంచెం అంటుంది. ఆయన గుమ్మంలోనే నిలబడి దాన్ని కాసేపు చూశాడు.

"నేను తినను. అమ్మ తినది. శోభక్క తినది. నువ్వు గూడ అంతంతే. మరి దీనికి ఎవరి పోలిక వచ్చింది?" అన్నాడు.

నేను నవ్వాను వదినా. పిల్లలకు తీపి కాక కాకరకాయ నచ్చుతుందా అన్నాను. ఆయన నవ్వలేదు. అన్నానికి కూర్చుని, ముద్ద కలుపుతూ, "సూరాపేటల మనమున్నప్పుడు నేను లారీ మీద పోతుంటి. ఇంట్ల ఎన్ని దినాలున్నన?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది నాకు, మాట ఎటు పోతోందో. మర్నాడే ఫోన్ తీసుకున్నాడు.

అత్తమ్మ అక్కడే ఉంది. అంతా విని, లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

వదినా, మామయ్య ఎలా ఉండేవాడు? తీపి తినేవాడా? ఆయన ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పాము కరిచి చనిపోయాడన్నది తప్ప నాకేమీ తెలియదు. అప్పటికి మీ తమ్ముడు చంకలో పిల్లవాడు. నువ్వు పెద్దదానివి, నీకు గుర్తుండాలి. నువ్వు ఒక్క మాట చెబితే ఆయన వింటాడు. నిన్ను తల్లికంటే ఎక్కువగా చూస్తాడు కదా.

కోదాడ హాస్టల్లో చదివే రోజుల్లో నీ కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఏ బాధైనా నీకే చెప్పుకునేదాన్ని. నన్ను ఈ ఇంటి కోడలిని చేసిందీ నువ్వే. ఇప్పుడూ నీకే చెప్పుకుంటున్నాను.

నీ
వనిత


కోదాడ
ఆగస్టు 21

నా వనితకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరో ఏదో అంటే ఆ మాట తలలో దూరుతుంది, ఇక వేరే మాట లోపలికి పోదు. కొన్నాళ్లు చూడు, దానంతట అదే దిగిపోతుంది. లారీల మీద తిరిగి తిరిగి, ఇప్పుడు ఆ మిల్లు దుమ్ములో పడి మనిషి చిరాకుగా తయారయ్యాడు. నీ మీద ప్రేమ లేక కాదు.

నాన్న సంగతి అడిగావు. నాకు అంతగా గుర్తు లేదమ్మా. పొద్దున లేస్తే పొలం, పశువులు. పాము కరిచింది, పోయాడు. తీపి తినేవాడా, కారం తినేవాడా అని ఆ రోజుల్లో ఎవరు చూశారు? కడుపుకు ఇంత దొరికితే చాలు అనుకునేవాళ్లం. అమ్మను కూడా అడగకు. ఆ మాటెత్తితే ఆమెకు అన్నం దిగదు.

నేను చెప్పేది విను. స్వప్నకు తీపి మాన్పించు. కంటికి కనిపించకపోతే వాడూ మరిచిపోతాడు. ఆడపిల్లకు అంత తీపి పిచ్చి ఎలాగూ మంచిది కాదు.

ఇక్కడ ఒక మంచి కబురు ఉంది. మా వాడు రాహుల్‌కు సూర్యాపేట సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల బ్యాంకులో చేస్తోంది. తండ్రి టీచరు. మన తండాల వాళ్లే గానీ ఎప్పుడో పట్నం చేరి చదువుకున్న కుటుంబం. అన్నీ ఆరా తీసే మనుషుల్లా ఉన్నారు. నాకైతే భయమే. మీ బావ పొలం నడిగూడెంలో, నా మిషన్ కోదాడలో, వీడికి మనం ఏం కూడబెట్టామని? పిల్ల మంచిది దొరికితే చాలు. దసరా దాటాక నిశ్చయం పెట్టుకుందామంటున్నారు. అప్పటిదాకా మనింట్లో ఏ గొడవా బయటికి పొక్కకూడదు. ఇది నా మాటగా గుర్తుపెట్టుకో.

స్వప్నకు పూల గౌను కుడుతున్నాను. కొలత గుర్తుంది, అయినా పెరిగి ఉంటుందని ఒక వేలు వదులుగా పెట్టాను.

నీ
శోభక్క


మిర్యాలగూడ
సెప్టెంబర్ 27

వదినకు,

గౌను అందింది. స్వప్నకు సరిగ్గా సరిపోయింది. నువ్వు వదిలిన వేలెడు వదులు అలాగే ఉంది. పిల్ల పెరగలేదు, చిక్కింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. చక్కెర డబ్బా అల్మారాలో పెట్టి తాళం వేశాను. పాలలో వేయడం మానేశాను. మొదట ఏడ్చింది, తర్వాత పాలే మానేసింది. ఎవరింటికైనా వెళితే వాళ్ల వంటింటి వైపే చూసేది. పక్కింటి పుట్టినరోజుకు పిలిస్తే పంపలేదు. గోడ అవతల పిల్లలు పాట పాడుతుంటే ఇది కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడింది.

పోయిన వారం అంగన్‌వాడీలో నేను రిజిస్టర్ రాసుకుంటున్నాను. బాలామృతం ప్యాకెట్లు మూలకు పేర్చి ఉన్నాయి. పసిపిల్లలకిచ్చే ఆ తీపి పిండి. స్వప్న ఒక ప్యాకెట్ చింపి, దాని వెనకే కూర్చుని, పొడి పొడిగా నోట్లో కుక్కుకుంటోంది. సరిగ్గా అప్పుడే మీ తమ్ముడు వచ్చాడు. ఆయన అక్కడికి ఎందుకు వచ్చాడని అడగకు. ఈ మధ్య చెప్పాపెట్టకుండా వస్తున్నాడు, నేను ఉన్నానో లేనో చూడటానికి.

దాని చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చాడు. మూతి చుట్టూ పిండి. ఆ మూతి మీదే కొట్టాడు. ఆయాలు, తల్లులు అందరూ చూస్తున్నారు.

"సూసిన్రా? ఇది మా ఇంటి పిల్లనా? గా బేకరీ వీరేశం రక్తం గిది!" అన్నాడు.

వీరేశం ఎవరో నీకు గుర్తుందా? సూర్యాపేటలో మేము కిరాయికి ఉన్న ఇంటి ఓనరు. కింద బేకరీ, పైన మేము. నాకు నెలలు నిండినప్పుడు మీ తమ్ముడు లారీ మీద ఎక్కడో ఉంటే, వీరేశం భార్యే ఆటో పిలిపించి నన్ను దవాఖానలో చేర్చింది. ఆ పెద్దమనిషి నాకు మేనమామ వయసువాడు. బేకరీ ఉంది కాబట్టి తీపి, తీపి ఉంది కాబట్టి బిడ్డ. ఇదీ మీ తమ్ముడి లెక్క.

ఆ రాత్రి అత్తమ్మ, "పసిదాన్ని కొట్టకురా" అంది. ఇంకేదో అనబోయింది. నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకుంది. నేను చూశాను.

మీటింగ్ ఉందని చెప్పి సూర్యాపేట వెళ్లి పిల్లల డాక్టరమ్మను కలిశాను. సిగ్గు విడిచి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఓపికగా చెప్పింది. తీపి మీద ఇష్టంలో కొంత పుట్టుకతో వచ్చేది ఉంటుంది, అబద్ధం కాదు అంది. కానీ అది ముక్కు వంకరలాగా చూసి పోల్చేది కాదట. ఒక్క జన్యువు కాదట, ఎన్నో కలిసి చేసే పనట. కొన్ని తల్లి వైపు నుంచి, కొన్ని తండ్రి వైపు నుంచి వస్తాయి. ఇద్దరిలోనూ పైకి కనిపించనిది బిడ్డలో బయటపడవచ్చు. పైగా పెరిగిన ఇల్లు, అలవాటు కూడా కలుస్తాయి. చిన్నపిల్లలు ఎవరైనా పెద్దలకంటే తీపి ఎక్కువే కోరతారు.

"తీపి తినేదాన్ని జూసి తండ్రెవరో చెప్పేటట్టయితే మాకు గీ మెషీన్లన్నీ ఎందుకమ్మా?" అంది.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. మీ అత్తగారింట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఉంటే తెలుసుకోవడం పిల్లకు మంచిది అంది. తీపి ఇష్టపడటం వేరు, ఆ జబ్బు వేరు, అయినా వంశంలో ఉంటే జాగ్రత్త పడాలట. నాకు తెలిసి ఎవరికీ లేదని చెప్పాను. సరిగ్గానే చెప్పాను కదా?

ఇదంతా మీ తమ్ముడికి చెబితే వినలేదు. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తానంటున్నాడు. నువ్వు రా వదినా. వచ్చి ఆయన ముందు కూర్చుని మాట్లాడు.

వనిత


కోదాడ
అక్టోబర్ 15

వనితకు,

రావాలనే అనుకున్నాను. పండుగ బట్టలు మీద పడ్డాయి, ఆపైన పెళ్లిచూపుల మాటలు. ఒక్క పూట కూడా తీరలేదు.

నువ్వు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లావు? అదీ సూర్యాపేటలో. పిల్ల వాళ్లది సూర్యాపేటే అని నీకు రాశాను కదా. డాక్టరమ్మ నోరు మంచిదే కావచ్చు, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ల సంగతేమిటి? మన వాళ్లు సగం మంది ఆ దవాఖానకే వస్తారు.

టెస్ట్ గిస్ట్ ఏమీ వద్దు. ఆ మాట బయటికి వస్తే రిపోర్టులో ఏముందని ఎవరూ అడగరు. టెస్ట్ దాకా వచ్చిందంటే ఏదో ఉందనే అంటారు. నీకే నష్టం. మగవాళ్లకు అనుమానం వస్తుంది, పోతుంది. పెళ్లయిన కొత్తలో మీ బావ కూడా నేను టైలరింగ్ నేర్చుకోవడానికి వెళితే వెనకే వచ్చేవాడు. ఓర్చుకున్నాను. ఇవాళ ఆయనే నా మిషన్‌కు నూనె వేస్తాడు.

షుగర్ గురించి డాక్టరు అడిగితే లేదన్నావు కదా, సరే. అలాగే ఉండనీ.

నవంబర్ మొదటి వారంలో రాహుల్ నిశ్చయం. అప్పటిదాకా ఓపిక పట్టు. నిశ్చయానికి మీ ముగ్గురూ నవ్వుతూ రావాలి. నువ్వు నీలం చీర కట్టుకో, నీకు బాగుంటుంది. ఆ తర్వాత నేనే వచ్చి వాడి చెవి మెలిపెడతాను. నా మీద నమ్మకం ఉంచు.

శోభ


సూర్యాపేట
నవంబర్ 11

శోభక్కకు,

వదినా అని రాసి కొట్టేశాను. హాస్టల్ రోజుల్లో పిలిచినట్టే పిలుస్తున్నాను, చివరిసారి.

మీ నిశ్చయానికి మేము రాలేదు. ఎందుకు రాలేదని మీ తమ్ముడు ఏం చెప్పాడో నాకు తెలియదు. నిశ్చయానికి నాలుగు రోజుల ముందే నేను స్వప్నను తీసుకుని మా నాన్న దగ్గరికి వచ్చేశాను. ఆయన మార్కెట్ యార్డులో హమాలీ అని నీకు తెలుసు. ఒక్కటే గది. అయినా నన్ను చూసి ఒక్క మాట అడగలేదు. స్వప్న బ్యాగు చేతిలోంచి తీసుకుని, "హర్యా మనుమరాలు వచ్చింది" అని తన పేరు పెట్టి పక్కింటివాళ్లకు చెప్పుకుంటూ లోపలికి పోయాడు.

ఎందుకు వచ్చానంటే, మీ తమ్ముడు వీరేశం బేకరీకి వెళ్లాడు. ఆయన కొడుకుల ముందు, గిరాకీల ముందు చొక్కా గల్లా పట్టుకున్నాడు. వీరేశం భార్య ఏడుస్తూ అంగన్‌వాడీకి ఫోన్ చేసింది. "నీకు పురుడు పోసిన పాపానికి గిదా బిడ్డా?" అంది. ఆ మాట విన్నాక ఇంక ఆ ఇంట్లో ఉండలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న పాలకీడు నుంచి సక్రు మామ వచ్చాడు, మీ అమ్మకు తమ్ముడు. మందలించడానికి వచ్చాడనుకున్నాను. మంచం మీద కూర్చుని, స్వప్నను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని ముఖం చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"మీ మామ, మంగ్త్యా బావ, గిట్లనే తినేటోడు బిడ్డా. అంగడికి పోతే జిలేబీ తినుడే ముందు, ఎడ్ల బేరం తర్వాత. చాయల ఇంత బెల్లం ఏసుకునేటోడు. షుగరొచ్చింది. కాలు పుండు పడ్డది, కుళ్లింది. పాము లేదు గీము లేదు" అన్నాడు.

అది అందరికీ తెలుసా అని అడిగాను.

"అక్కకు తెలుసు, నాకు తెలుసు. శోభకు తెల్వదా? కాలు కడిగి కట్టు కట్టింది ఆ పిల్లనేగద. బావ పోయినంక మీ అత్త ద్వాళక్క చక్కెర డబ్బా తీసి బాయిల పారేసింది. కొడుకు రవీందర్‌కు తీపి రుచి తెల్వకుంట సాకింది. వాడికి ఇష్టం లేదంటవా? పెడితే గద తెలిసేది!"

మరి అత్తమ్మ ఇన్నాళ్లూ నా ముందు ఎందుకు నోరు మూసుకుందని అడిగాను. సక్రు మామ తల దించుకున్నాడు.

"శోభ వద్దన్నది బిడ్డా. రాహుల్ నిశ్చయం అయ్యేదాక షుగర్ ఊసు ఎత్తొద్దని ఫోన్ల గట్టిగ చెప్పింది."

మీ నాన్న కాలు గుర్తు లేదా అక్కా నీకు? నీ చేతులతో కట్టిన కట్టు గుర్తు లేదా? గుర్తు లేదని రాశావు. నేను ఆ ఉత్తరం చదివి, నిజమే పాపం, అప్పటికి తనూ చిన్నదే కదా అనుకున్నాను. డాక్టరమ్మ అడిగితే లేదని చెప్పి వచ్చాను. నువ్వు "అలాగే ఉండనీ" అన్నావు. నీ మాట నమ్మి నా బిడ్డ నోటి దగ్గరి చక్కెర తీసేశాను. అది పిండి దొంగతనం చేసి దెబ్బలు తింది. ఊరంతా నన్ను ఎలా చూస్తోందో తెలిసి కూడా నువ్వు నాకు నీలం చీర కట్టుకుని రమ్మని రాశావు.

సక్రు మామ మీ తమ్ముడికి కూడా చెప్పాడట. "నువ్వు గూడ ఆమె దిక్కేనా మామ?" అన్నాడట. ఇప్పుడు టెస్ట్ నేనే చేయిస్తాను. ఆయన కోసం కాదు, నా కోసమూ కాదు. వీరేశం కొడుకులు బజారులో తలెత్తుకుని తిరగాలి.

నాన్న ఫోన్ ఉంది. అయినా ఉత్తరమే రాస్తున్నాను. నీ గొంతు వింటే మళ్లీ నమ్ముతానేమోనని భయం.

వనిత


కోదాడ
నవంబర్ 20

వనితకు,

ఫోన్ చేస్తే మీ నాన్న ఎత్తి, నువ్వు లేవని చెప్పి పెట్టేస్తున్నాడు. సరే, ఉత్తరమే రాస్తున్నాను.

చాలా రాశావు. నాలుగు పేజీల్లో నన్ను దోషిని చేశావు. నన్ను కూడా ఒకసారి ఆలోచించు. రాహుల్‌కు అంతకు ముందు చూసిన సంబంధం ఎందుకు తప్పిపోయిందో నీకు తెలుసా? వాళ్ల పెద్దమ్మ ఎవరో, "ఆ తాత కాలు కుళ్లి చచ్చిండట, వంశంల ఉంటది" అందట. అంతే, ఫోన్ కూడా చేయలేదు. పిల్లవాడు నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అది చూసిన తల్లిని నేను. రెండోసారి కూడా అదే మాటతో వాడి బతుకు పాడవనివ్వమంటావా?

నేను నిన్ను చెడ్డదానివని ఎప్పుడైనా అన్నానా? నీ మీద నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. రెండు మూడు నెలలు ఓర్చుకోమన్నాను. అంతే. నువ్వు తప్పు చేయలేదని నీకు తెలుసు, నాకు తెలుసు, దేవుడికి తెలుసు. కొంత కాలం వాడికి తెలియకపోతే ఏం మునిగిపోయింది? నిశ్చయం కాగానే వచ్చి చెప్పేదాన్నే. నువ్వే ఆగలేదు.

వాళ్లు అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. అదృష్టం, అడగలేదు. నిశ్చయం బాగా జరిగింది. నువ్వు లేని లోటు అందరూ అడిగారు, జ్వరమని చెప్పాను.

నీకూ ఒక బిడ్డ ఉంది. రేపు దాని పెళ్లినాడు, నోరు విప్పితే సంబంధం పోతుందనిపిస్తే నువ్వు విప్పుతావా? విప్పుతానని రాయి, అప్పుడు నీ కాళ్లు పట్టుకుంటాను.

శోభ


కోదాడ
జనవరి 19

వనితకు,

నేను రాసిన దానికి నువ్వు జవాబివ్వలేదు. ఇవ్వకపోయినా మళ్లీ రాస్తున్నాను.

రిపోర్టు వచ్చిందని తమ్ముడు ఫోన్ చేశాడు. స్వప్న వాడి బిడ్డే అని ఉందట. దానికి కాగితం కావాలా, ఆ పిల్ల నడక చూస్తే తెలియదా అని బాగా తిట్టాను. ఫోన్‌లోనే ఏడ్చాడు. నిన్ను తీసుకురావడానికి వస్తానన్నాడు, వచ్చే ఉంటాడు. అమ్మ కూడా సరిగా తినడం లేదు. అయిందేదో అయింది. ఇల్లు చేరుకో.

రాహుల్ పెళ్లి శుభలేఖ ఇందులో పెట్టాను. ఫిబ్రవరి పన్నెండు. మేనమామ భార్యను నేను పిలవడం వేరు, నువ్వు రావడం వేరు. నువ్వు రాకపోతే నలుగురూ నన్ను అడుగుతారు.

స్వప్నకు పట్టు పావడా కుడుతున్నాను. కొలత తెలియదు. రాసి పంపు.

శోభ


సూర్యాపేట
ఫిబ్రవరి 3

శోభ గారికి,

శుభలేఖ అందింది. పావడా కుట్టవద్దు.

మీ తమ్ముడు వచ్చారు. రిపోర్టు కవరులో మడిచి తెచ్చారు, నేను చూడలేదేమో అన్నట్టు. ఇంకో చేతిలో స్వీట్ల డబ్బా. మిర్యాలగూడలో కొన్నారట, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని వచ్చారట. గుమ్మంలో చెప్పులు విడిచి, మా నాన్న వైపు చూడలేక నేల చూస్తూ నిలబడ్డారు.

"తప్పయింది వనితా. రిపోర్టు వచ్చింది గద. ఇగ ఇంటికి పోదాం" అన్నారు.

"రిపోర్టు వచ్చిందని వచ్చినవ్. అది రాకుంటే?" అన్నాను.

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఉంటే వెళ్లేదాన్నేమో.

తర్వాత డబ్బా మూత తీసి స్వప్నను పిలిచారు. "దా బిడ్డ, తిను. నీకిష్టం గద." లడ్డూలు, మైసూర్ పాక్, ఇంకా ఏవేవో. అది నా వెనక నిలబడి డబ్బా వైపు చూసింది. నోట్లో నీళ్లు మింగడం నాకు వినిపించింది.

"నాకు తీపి నచ్చది నాన్నా" అంది.

ఆరేళ్ల పిల్ల అబద్ధమాడింది శోభ గారూ. తండ్రికి కోపం రాకూడదని, అమ్మకు దెబ్బ తగలకూడదని. ఆయన డబ్బా కింద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నాకు జాలి కలగలేదని రాయలేను. కలిగింది. కానీ జాలితో కాపురం చేయలేను. ఈ ఊరికే బదిలీ అడిగాను. కొంత కాలం పట్టవచ్చు, అప్పటిదాకా సెలవులో ఉంటాను. బిడ్డను చూడాలనిపిస్తే ఆయన వచ్చి చూడవచ్చు. ముందుగా చెప్పి రావాలి, అంతే. డబ్బాలోవి వీధిలో పిల్లలకు పంచాను. స్వప్న తినలేదు. నేను తినమన్నాను, ముక్క తుంచి నోటి దగ్గర పెట్టాను. తల తిప్పుకుంది.

ఇంకొక మాట. మీ తమ్ముడికి షుగర్ పరీక్ష చేయించండి. ఆ రోజు క్యాంపులో చేయించుకోలేదు. తండ్రికి అంత తీవ్రంగా ఉంటే కొడుకు తీపి తినకపోయినా చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి ఆమెకు నిజం చెప్పాను. మీరు కూడా చూపించుకోండి.

మీ ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. బిడ్డ పెళ్లినాడు నేను నోరు విప్పుతానా అని అడిగారు. విప్పుతానో లేదో నాకు తెలియదు. కానీ నా బిడ్డ పెళ్లి కోసం ఇంకొక ఆడదాన్ని పణం పెట్టను. ఇది తెలుసు.

నిన్న మీ కాబోయే వియ్యపురాలు మా గదికి వచ్చింది. నా అడ్రస్ ఎవరిచ్చారో అడగలేదు. నిశ్చయానికి నేను రాలేదని, జ్వరం తగ్గిందా అని పలకరించింది. మంచి మనిషి. నాన్న చాయ్ తెచ్చి ఇస్తే, "చక్కెర లేకుంట ఉంటదా బాబాయ్?" అని అడిగింది. ఎందుకని అడిగాను.

"నాకు షుగరమ్మా. మా ఆయనకైతే పదేండ్ల సంది ఇన్సులినే. మా అత్తకుండె, మా నాయినకుండె. మీ వదినకు చెప్పలేదు. చెప్తే సంబంధం వద్దంటరేమోనని భయం. మీరు అడుగుతరేమోనని మేము కూడ మీ దిక్కు ఏం అడగలే. ఇగ నిశ్చయమైంది గద, మీ వదినకు జర మెల్లగ చెప్తవా బిడ్డా?" అంది.

ఆమెకు మీ నాన్నగారి సంగతి చెప్పాను. కాలు, కట్టు, అన్నీ. ఆమె నా ముఖం చూసి పడీ పడీ నవ్వింది. గుండెల మీంచి బండ దిగినట్టు నవ్వింది. "అయ్యో, గింతేనా! మేమింత పరేషాన్ అయినం!" అంటూ. సంబంధానికి ఏ ఢోకా లేదు. మీరు నన్ను వెలగా ఇచ్చి దాచుకున్న మాటకు అవతలివైపు ధరే లేదు.

నేను నవ్వలేకపోయాను. ఆమె గమనించలేదు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి నా చేయి పట్టుకుంది.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు ఆ ఇంట్ల మెసిలినదానివి. మా పిల్లకు అత్త ఎట్ల ఉంటది? మంచిదేనా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కొడుకు కోసం ఏమన్న జేస్తది" అన్నాను.

ఆమెకు చాలా సంతోషమైంది. నా బుగ్గలు పుణికి, నవ్వుకుంటూ వెళ్లి ఆటో ఎక్కింది.

వనిత